కుజపట్నంలో ఏమండీలు

నమోదు 1. సోమవారం

పౌరసత్వానికి అర్జీ పెట్టుకున్నవాళ్ళు రోజూ చిట్టా రాయాలట. ఏం తిన్నాం, ఏం పని చేశాం, ఊరికి ఏ మాత్రం పనికొచ్చాం, అన్నీ. ఎవరు చదువుతారని ఊరి వాకిట్లో ఉండే మాట్లాడే గుమ్మాన్ని అడిగితే "అర్హులైనవారు పఠించెదరు" అంది. అర్హులైన మీకు నమస్కారం. అబద్ధాలు రాయను గానీ, నాకు నోరు కాస్త ఎక్కువ. చేతికీ అదే జబ్బు ఉంది, సర్దుకుని చదువుకోండి.

పొద్దున్నుంచీ సూట్లు దులిపాను. ఐదో సొరంగం చివర మాది దులుపుడు కొట్టు. బయట గనుల్లో పనిచేసి వచ్చేవాళ్ళ సూట్లకు పట్టిన ఎర్రదుమ్మును గాలిగొట్టంతో ఊది, కుంచెతో గీకి, మోకాళ్ళ దగ్గర అరిగితే అతుకులు వేస్తాం. నీళ్ళు తగిలాయా, ఆ దుమ్ము గోరింటాకులా పట్టుకుని వదలదు. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు కుజదోషం ఉందా అని భూమ్మీద అడిగేవారు. ఇక్కడ అడగరు, కాపురం చేసేదే కుజుడి మీద గనక.

మధ్యాహ్నం మా ఆయన ఊరందరికీ వడ్డించే వంటశాలకు వెళ్ళి ఖాళీ పళ్ళెంతో తిరిగొచ్చారు.

"ఏమైందండీ?"

"ఏమండీ గారు ఇప్పటికే భోంచేశారంటందే ఆ కిటికీ. పుట్టగొడుగుల పులుసు రెండోసారి కూడా వడ్డించుకున్నానంట."

తిన్నది ఈయన కాదు. మూడో సొరంగంలో ఉండే ఇంకో ఏమండీ. ఉన్న అన్నంలో నాచు పచ్చడి కలిపి ఈయనకి పెట్టాను, నేను మరమరాలతో సరిపెట్టుకున్నాను.

అర్హులైన మీరు ఇక్కడే పుట్టినవారైతే ఈ గొడవ మీకు అర్థం కాదు. కుజపట్నంలో దిగేటప్పుడు కాగితాలు చూడరు. కాగితాన్ని ఎవడైనా పుట్టించగలడు, పిలుపును పుట్టించలేడని మీవాళ్ళ సిద్ధాంతం. కొత్తగా వచ్చినవాళ్ళని గుమ్మం ముందు గదిలో మూడు రోజులు ఉంచి, తినండి, మాట్లాడుకోండి, పోట్లాడుకోండి అంటారు. గోడ వింటుంది. మనవాళ్ళు మనల్ని ఏమని పిలిస్తే అదే పేరు. ఆ మూడు రోజులూ నేను "ఏమండీ, నీళ్ళు తాగారా", "ఏమండీ, ఆ సంచి ఇటివ్వండి" అన్నాను. ఆయన నన్ను "ఇదిగో" అన్నారు. బయటికొచ్చేటప్పుడు మెళ్ళో బిళ్ళలు వేశారు. ఆయన ఏమండీ. నేను ఇదిగో.

అప్పుడు తెగ నవ్వుకున్నాం. తీరిక చూసుకుని మార్పించుకుందాంలే అన్నారు ఆయన. ఆరేళ్ళయింది, ఆ తీరిక ఇంకా రాలేదు.

నమోదు 2. బుధవారం

ఈ ఊళ్ళో ఏమండీలు ముప్పై ఒక్కమంది. అందరూ కలిసి ఒక్క మనిషేనని ఊరి యంత్రాల నమ్మకం. యంత్రానికి ఒకసారి నమ్మకం కుదిరిందంటే మనిషికన్నా మొండిది. పోయిన ఏడాది ఎవరో ఏమండీకి పన్ను పీకితే, వంటశాల మా ఆయనకి వారం రోజులు జావ పోసింది. దుమ్ముజ్వరం టీకా ఈయనకి మూడుసార్లు పొడిచారు, నాలుగో సొరంగం ఏమండీకి అసలు పొడవలేదు. పాటల పోటీలో ఇంకెవరో ఏమండీకి బహుమతి వస్తే అది మా ఇంటికి వచ్చింది. ఆ ఒక్కటి మాత్రం ఈయన కిమ్మనకుండా పుచ్చుకున్నారు. గొంతెత్తితే గాలిగొట్టం మొరాయించినట్టుంటుంది, ఆయనకి సంగీతంలో బహుమతి. దాన్ని ఇప్పటికీ గూట్లో పెట్టుకుని తుడుస్తూ ఉంటారు.

ఆడవాళ్ళం మేమూ తక్కువ తినలేదు. ఇదిగోలు పదకొండు మందిమి, ఏమేవ్‌లు నలుగురు. రెండో సొరంగంలో పాపం ఒకావిడ పేరు ఒసేవ్. వంటశాల కిటికీ రోజూ ఎంతో మర్యాదగా "ఒసేవ్ గారూ, మీ ఇడ్లీలు సిద్ధంగా ఉన్నవి" అంటుంది. పక్కనే నిలబడ్డ ఆవిడ మొగుడు తల వంచుకుంటాడు. ఆ దృశ్యం కోసమే నేను సరిగ్గా టిఫిన్ వేళకి వెళ్తాను.

పని: ఇవాళ సూట్లు తక్కువ, అతుకులు ఎక్కువ.

నమోదు 3. శుక్రవారం

నవ్వులాట అయిపోయింది. అర్జీ విషయమై రమ్మని గుమ్మం కబురు పెడితే ఇద్దరం వెళ్ళాం.

గుమ్మమంటే పెద్దగా ఏమీ కాదు. ఒక గది, ఒక గోడ, గోడకి అటు ఊరి లోపలికి తెరుచుకునే తలుపు. ఆ తలుపు పౌరులకే, మాలాంటి అర్జీదార్లు వచ్చిపోవడానికి పక్కన చిన్న దారి ఉంది. గొంతు మాత్రం వార్తలు చదివే మనిషిలా ఉంటుంది. తెలుగు ఎక్కడ నేర్చిందో గానీ, ఎప్పటి తెలుగో అది.

"ఏమండీ అను వ్యక్తికి ముప్పది యొక్క భార్యలు గలరు" అంది. "ఈ పట్టణమున ఒకరికి ఒకరే. కావున ఆయన అర్జీయును, ఆ స్త్రీల అర్జీలును నిలిపివేయడమైనది."

మా ఆయన తెల్లబోయారు. "ముప్పై ఒక్కరా? ఒక్కదానితోనే వేగలేక చస్తన్నానండి బాబూ!"

గోడ వింటోందని ఈయనకి ఎప్పటికీ గుర్తుండదు.

"ముప్పై ఒక్కమందినీ వరసగా నిలబెడతాం, చూసుకో" అన్నాను నేను. "ఒకడికి బట్టతల, ఒకడికి బొజ్జ. ఒకడు ఉత్త పుల్ల."

"వేషములు వేయువారు గలరు. ముఖము మారును, పిలుపు మారదు."

అలా అరగంట వాదించాక దారి చెప్పింది. భూమి నుంచి తెచ్చిన దస్తావేజులో ఉన్న పేరూ, నోటి పేరూ ఒకటైతే పౌరసత్వం. దిగినప్పుడు అక్కర్లేని కాగితం ఇప్పుడు కావాలట. పేరు ఎవరి నోట తప్పిందో ఆ నోటే దిద్దాలి, అద్దె నోళ్ళు చెల్లవు. ఊరికే చెబితే చాలదు, గుమ్మం ముందు నిలబడి పిలవాలి. పిలిస్తే అవతలివాళ్ళు పలకాలి. పిలుపు ఒకరిది, పలుకు ఒకరిది, రెండూ కుదిరితే పేరు.

రేపు కాక ఆపై శనివారం తిరుగు ఓడ వెళ్తుంది. అప్పటికి పేరు దిద్దుకోనివాళ్ళు అందులో ఎక్కాలి. ఎక్కితే భూమ్మీద మాకు దిగడానికి చోటు లేదు. సముద్రం మా ఊళ్ళోకి వచ్చి తిష్ఠ వేశాకే మేం ఇటు వచ్చాం. ఇక్కడి తేలికకి అలవాటుపడ్డ ఎముకలు అక్కడి బరువుకి మంచం పడతాయని డాక్టర్లు చెబుతారు. ఈ కొట్టు, ఈ సొరంగం, సూట్లు వేసుకునేవాళ్ళ తిట్లూ మెప్పులూ, ఇప్పుడు మాకున్నదంతా ఇదే. భయమేసింది.

నమోదు 4. శనివారం

పొద్దున్నే కొట్లో ఆడవాళ్ళ సభ. పిలవకుండానే వచ్చారు. ముందుగా వచ్చింది పక్కింటి పోశవ్వ. ఆవిడది కరీంనగర్ వైపు. పిల్ల పేరు సంధ్య గనక, మొగుణ్ణి సంధ్యనాయినా అని పిలుస్తుంది. ఆయన బిళ్ళ మీద అదే ఉంది.

"మీ ఏమండీలందరూ కలిసి ఒక్కడే అయిండ్రట గదా" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "మా ఆయన సూడు, సంధ్యనాయిన. పట్నం మొత్తంల గసొంటి పేరు ఇంకోటి లేదు."

"ఉంటే ఏం లాభం పోశవ్వా? దస్తావేజులో ఉన్న పేరు నువ్వు పిలవాలిగా."

నవ్వు ఆగిపోయింది. "గదే గదా పరేషాను."

"ఏముంటుంది కాగితం మీద?"

"అగో, నర్సింహస్వామి ఉండే గుట్ట లేదా? గా గుట్ట పేరే."

"యాదగిరా?"

"ఆఁ, గదే. నువ్వంటే ఏం గాదు, పరాయిదానివి."

ఒక్కొక్కరూ ఇలాగే. ఒకావిడ మొగుడి పేరు ఏడుకొండలవాడిది. ఒకావిడది రావణాసురుడి తమ్ముళ్ళలో మంచివాడిది. పొడుపుకథల పోటీలా ఉంది వ్యవహారం. పోశవ్వదీ కలిపితే ముప్పై రెండు సంసారాలు ఓడెక్కేలా ఉన్నాయి, ఒక్కరికీ నాలుక కదలదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మాకు నోరు తెరవకపోతే ఊరే ఉండదు.

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ అనేది. నేనది నమ్మను. ఆకాశంలో ఇంత దూరం ఎగిరొచ్చినదాన్ని, అలాంటివి ఎలా నమ్ముతాను? కానీ నమ్మకపోవడం వేరు, నాలుక తిరగడం వేరు. అందరూ వెళ్ళాక కొట్టు తలుపేసుకుని సూట్ల మధ్య నిలబడి ప్రయత్నించాను. మొదటి అక్షరం వరకూ వచ్చింది, తర్వాత దగ్గొచ్చింది. రాయడానికైతే ఏ ఇబ్బందీ లేదు. కడియాల భీమశంకరం. ఇదిగో, మళ్ళీ రాస్తున్నాను, భీమశంకరం. చేతికి సిగ్గు లేదు.

నమోదు 5. ఆదివారం

నా సంగతి రాయలేదు కదూ. నా దస్తావేజులో ఉన్న పేరు నూకరత్నం.

మా ఊరి నూకాలమ్మకి మొక్కుకుంటే పుట్టానని మా నాన్న పెట్టిన పేరు. పెళ్ళైన పూటే అది పోయింది. మా అత్తగారి పేరూ నూకరత్నమే. "ఒకింట్లో రెండు నూకరత్నాలు కుదరవు. పిల్ల మీద కోపమొస్తే నన్ను నేను తిట్టుకోవాలా ఏంటి?" అని ఆవిడ అప్పగింతల దగ్గరే నాకు సుగుణ అని పెట్టేశారు. ఆ పేరుకి నేను చేసిన అన్యాయం అంతా ఇంతా కాదు. పోనీ ఆ పేరైనా ఎవరైనా వాడారా? ఈయన మొదటి రోజు నుంచీ ఇదిగోతో సరిపెట్టారు. కాగితాలు మార్పించే తీరిక ఆయనకి అప్పుడూ లేదు.

కాబట్టి గుమ్మం ముందు ఈయన నన్ను నూకరత్నం అని పిలవాలి. ఈ మాట భోజనాల దగ్గర చెప్పాను. ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అమ్మ పేరే అది."

"నా పేరు కూడా."

"అమ్మ పేరెట్టి నిన్ను పిలవమంటావా? అదీ ఏకవచనంలో? ఆవిడ బతికున్నప్పుడే ఎప్పుడూ నోటితో అనలేదే. పోయాక కర్మల్లో పంతులుగారు అడిగితే మా బావగారు చెప్పారు."

నిజానికి నాకు లోపల గమ్మత్తుగానే అనిపించింది. ఒకసారి ఆ పేరు పెట్టి పిలవడం మొదలైతే, ఈయన ఇక నన్ను జన్మలో తిట్టలేరు. అమ్మ పేరు మీద కసురుకునే కొడుకు మా వైపు ఇంకా పుట్టలేదు. సూటు మోకాలికి అతుకు వంకరగా వేసినా, పులుసులో ఉప్పు ఎక్కువైనా, "ఏంటే ఇది" అనడానికి నోరు రాదు. పౌరసత్వంతో పాటు ఇదొక కొసరు. అర్హులైన మీరు ఈ భాగం ఆయనకి చూపించకండి.

నమోదు 6. సోమవారం

ముందు నేనే తెగించాను. ఎవరో ఒకరు మొదలుపెడితేగానీ మిగతావాళ్ళు కదలరు. గుమ్మం ముందు ఆడవాళ్ళంతా గుంపుగా నిలబడ్డారు, ఈయనకేమైనా అవుతుందేమో చూసి నిర్ణయించుకుందామని.

కళ్ళు మూసుకున్నాను. "భీమశంకరం గారూ!" అన్నాను.

వెనక ఎవరో అమ్మో అన్నారు. ఈయన పడిపోలేదు.

గోడ తాపీగా అంది. "గారు అనునది దస్తావేజునందు లేదు."

"ఉండకపోతే ఏం? మర్యాద!"

"మర్యాద నమోదు కాదు. పేరు మాత్రమే పిలువుడు."

గారు లేకుండానా! కట్టుకున్నవాణ్ణి, కొట్టు మీద వేసిన బోర్డు చదివినట్టు పిలవాలా? ఈయన వైపు చూశాను. చెమటలు పట్టి బిక్కమొహం వేసుకుని నిలబడ్డారు. ఓడ గుర్తొచ్చింది. అంతే, ఎక్కడి నుంచి వచ్చిందో గానీ సొరంగం అదిరేలా అరిచాను.

"భీమశంకరం!"

ఈయన ఎగిరిపడి, చెయ్యెత్తి, "ప్రెజెంట్ సార్!" అన్నారు.

ఉత్త పేరుతో ఈయన్ని పిలిచింది జన్మలో బళ్ళో లెక్కల మాస్టారొక్కరేనట. పలుకు పలుకే కదా, గుమ్మం ఒప్పుకుంది. "కడియాల భీమశంకరం. భార్య ఒకరు. లోనికి దయచేయుడు" అని తలుపు తెరిచింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకైతే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అవసరం లేకపోయినా ఇంకోసారి అన్నాను. "భీమశంకరం!" ఈసారి ఈయన కాస్త చిరాకుగా చూశారు.

ఇక ఈయన వంతు. గుమ్మానికి అవతల, పౌరుడై నిలబడ్డారు. నేను ఇవతల. గొంతు సవరించుకున్నారు. నోరు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు. బయటికొచ్చిన మాట "అమ్మా!"

"దిద్దుబాటు" అంది గోడ. "ఇదిగో అను స్త్రీ ఇకపై అమ్మా అని పిలువబడును. సమ్మతమేనా?"

"వద్దు!" అన్నాను. "ఒద్దొద్దు!" అన్నారు ఆయన. గుంపంతా విరగబడి నవ్వింది. నేను కూడా నవ్వాను. పొద్దు వాలేదాకా నిలబడ్డా ఆయన నోట ఇంకో మాట రాలేదు. తలుపు మూసుకుంది. నవ్వు కూడా అక్కడితో ఆగింది.

నమోదు 7. బుధవారం

పేర్లు పిలవడం ఊళ్ళో జాతరలా సాగుతోంది. నిన్నటి నుంచి గుమ్మం దగ్గర ఒకటే కేకలు. పోశవ్వ కూడా గుట్ట పేరు గట్టెక్కించింది. ఒసేవ్ గారు ఇవాళ పద్మావతి అయ్యారు. వంటశాల కిటికీ కొత్త పేరుతో పిలిస్తే ఆవిడ అక్కడే కూర్చుని ఏడ్చిందట. ఏమండీలు ముప్పై ఒక్కరూ ముప్పై ఒక్క మనుషులయ్యారు. ఇంకా మిగిలిపోయిన ఇదిగో నేనొక్కదాన్నే.

ఇంట్లో ఈయన అన్ని విధాలా ప్రయత్నిస్తున్నారు. గోడకి తిరిగి, దుప్పటి కప్పుకుని, సూటు తలకాయ పెట్టుకుని. నూక వరకూ వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. ఇవాళ మధ్యాహ్నం ఆ తలకాయ తీసి పక్కన పెట్టి అన్నారు.

"పోనీలే. నువ్వు లేకుండా నేనిక్కడెందుకు? ఇద్దరం ఓడెక్కేద్దాం."

మామూలుగా అయితే ఈ మాటకి కరిగిపోవాలి. నాకు ఒళ్ళు మండింది. గ్రహాన్ని వదులుకోవడానికి సిద్ధం, నోరెత్తడానికి మాత్రం కాదు! చేతిలో ఉన్న గిన్నె విసిరాను. ఇక్కడ బరువు తక్కువ గనక అది తీరిగ్గా, గాల్లో తిరుగుతూ వెళ్ళింది. ఈయన పక్కకి జరిగి దాన్ని పట్టుకుని బల్ల మీద పెట్టారు. ఇంత నిదానమైన చోట కోపం కూడా సరిగ్గా తీరదు.

"మీ పేరు నేను అనలేదా? గారు కూడా తీసేసి ఊరందరి ముందూ అరవలేదా?"

"నీకేం, నువ్వు ధైర్యస్తురాలివి."

"ధైర్యం కాదండీ. మీరు ఓడెక్కకూడదని."

నాకు ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ నా పేరు వినాలని నాకు అనిపించలేదు. ఉన్నట్టే గుర్తులేదు. మా నాన్న వీధి చివర నుంచి "నూకరత్నం!" అని కేకేస్తే చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. ఆయన పోయాక ఆ పిలుపు కాగితం మీద మిగిలింది. ఇప్పుడది నా పేరేనని ఒక్క మనిషి గట్టిగా అనకపోతే నాకు ఊరు లేదు. అనవలసిన ఆ ఒక్క మనిషీ దుప్పట్లో మొహం దాచుకుంటున్నాడు.

పని: చెయ్యలేదు. అలాగే రాసుకోండి.

నమోదు 8. శుక్రవారం

రేపు ఓడ. ఇవాళ పొద్దు వాలితే గుమ్మం మళ్ళీ తెరవదు.

ఈయన అవతల, నేను ఇవతల. నా పక్కన సంచి. గోడ నాలుగుసార్లు "పిలువుడు" అంది. ఈయన పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. చూసేవాళ్ళు ఈసారి నవ్వలేదు. ఒకరిద్దరు నా సంచి వైపు చూసి తల తిప్పుకున్నారు.

అప్పుడు పోశవ్వ గుంపులోంచి వచ్చి, ఈయన చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగి నా పక్కన నిలబెట్టింది. తను వెళ్ళి తలుపుకి అడ్డంగా రెండు చేతులూ చాచింది.

"ఆగుండ్రి. ఎటు పోతున్నరు కొత్త పెండ్లికొడుకు, కొత్త పెండ్లిపిల్ల?"

"మార్గమున అడ్డము తొలగుడు" అంది గోడ.

"నువ్వు సప్పుడు చెయ్యకు! ఈయనకు ఈడ అక్క లేదు, చెల్లె లేదు. నేనే ఆడిబిడ్డను. ఇద్దరు పేర్లు చెప్పిందాక లోపటికి పోనియ్య."

పెళ్ళయ్యి గృహప్రవేశం చేసేటప్పుడు ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పించడం మన దగ్గర ఎవరికి తెలియదు? గుంపులో కదలిక వచ్చింది. పద్మావతి వెళ్ళి పోశవ్వ పక్కన నిలబడింది. తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే తలుపు కనబడకుండా ఆడవాళ్ళు నిండిపోయారు. "చెప్పాలి, చెప్పాలి!" అని ఒకటే గోల. "కట్నం ఏమిస్తవ్ తమ్ముడూ?" అని పోశవ్వ. "పేరు చెప్పకపోతే పెళ్ళికూతురు మా ఇంటికి వచ్చేస్తుంది!" అని ఎవరో.

నేను ఈయన వైపు చూశాను. యాభై దాటిన మనిషి, చెవులు ఎర్రబడి, నేల చూపులు చూస్తూ నవ్వుతున్నారు. మా పెళ్ళిలో కూడా ఇలాగే నవ్వారు. ఆ నవ్వుతోనే, తల ఎత్తకుండా, పెళ్ళికొడుకు గొంతుతో అన్నారు.

"నేనూ, మా నూకరత్నమూ వచ్చాం. తలుపు తియ్యండి."

పోశవ్వ ఈల వేసింది.

"ఇది చెప్పుట" అంది గోడ. "పిలుచుట కాదు. పిలువుడు."

ఈయన నా వైపు తిరిగారు. ఇప్పుడు నవ్వు లేదు. గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

"నూకరత్నం!"

నేను వెనక్కి తిరిగి చూశాను.

ఎందుకు చూశానంటే, భూమ్మీద మా ఇంట్లో ఆ పేరు వినబడితే వంటింట్లోంచి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేది మా అత్తగారు. పదిహేనేళ్ళ అలవాటు. ఆవిడ పోయి ఏడేళ్ళయిందని నా మెడకి తెలియలేదు.

"పలుకు లేదు" అంది గోడ.

గబుక్కున ఇటు తిరిగితే, ఈయన కూడా అటే చూస్తున్నారు, నా భుజం మీదుగా, ఖాళీ గది వైపు. ఆయన కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. ఇద్దరం ఒకరికొకరు దొరికిపోయాం. ముందు నాకే నవ్వొచ్చింది, తర్వాత ఆయనకి.

"ఆవిడ రాదులేండి" అన్నాను మెల్లగా. "నన్నే పిలవండి."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. ఈసారి నన్నే చూస్తూ, సంతలో తప్పిపోయిన మనిషి కనబడితే పిలిచినట్టు, కొంచెం భయంగా పిలిచారు.

"నూకరత్నం."

"ఆఁ" అన్నాను.

తలుపు తెరుచుకుంది. ఆడపడుచులంతా ఒకేసారి మీద పడ్డారు. నా సంచి ఎవరు మోసుకొచ్చారో కూడా నాకు తెలియదు.

నమోదు 9. ఆదివారం

పౌరులైనవాళ్ళు చిట్టా రాయనక్కర్లేదట. ఇది నా సరదాకి రాస్తున్నాను.

నిన్న ఓడ వెళ్ళిపోయింది. మేం చూడ్డానికి వెళ్ళలేదు, సూట్లు ఎక్కువగా ఉన్నాయి. ఇవాళ పొద్దున ఒక సూటు మోచేతి అతుకు తిరగేసి కుట్టాను. ఈయన చూసి "ఏంటే ఇది, నూ..." అన్నారు, నోరు మూసుకున్నారు. కాసేపాగి "పర్లేదులెండి" అన్నారు. నాకు లెండి తగిలించారు! వెనక్కి తిరిగి నవ్వుకున్నాను.

ఇప్పుడు సాయంత్రం. నేను కొట్లో గాలిగొట్టం పక్కన కూర్చుని రాస్తున్నాను. ఆయన లోపల టీ కాస్తున్నట్టున్నారు, అల్లం వాసన వస్తోంది. ఇందాకే పిలిచారు.

"నూకరత్నం!"

వినబడింది. బాగానే వినబడింది. గొట్టం ఆపి, వినబడనట్టు కూర్చున్నాను.

"నూకరత్నం, నిన్నే!"

పలుకుతాను. ఇంకొక్కసారి పిలవనీ.